మెయిన్ వీధిలో ఇల్లా, వెనక సందులోనా?

రాత్రిళ్లు హోటళ్లు, బార్లు, పాటలతో కళకళలాడే నగరం నడిబొడ్డున ఉండాలని అనుకున్నాక మిగిలే ప్రశ్న ఒక్కటే: ఆ వీధిలోనే ఇల్లు తీసుకోవాలా, రెండు సందులు వెనక్కా?

వీధిలోనే అయితే మెట్లు దిగడమే ఆలస్యం, సందడంతా గుమ్మంలోనే. ఎంత రాత్రి తిరిగొచ్చినా వెలుతురు, జనం తోడుంటాయి. నిద్ర సంగతే వేరు. మాటలు, హారన్లు రెండు పొరల అద్దాల కిటికీతో చాలావరకు ఆగుతాయి కానీ పాటలోని బేస్ అంత తేలిగ్గా ఆగదు. గోడల్లోంచి వచ్చి మంచం పక్కన గ్లాసులో నీళ్లను వణికిస్తుంది. బార్లు మూసేశాక ఖాళీ సీసాలు డబ్బాలో కుమ్మరించే చప్పుడు ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరప్ కోసం ఇచ్చిన సూచన ప్రకారం రాత్రి ఇంటి బయట సగటు శబ్దం 40 డెసిబెల్స్ దాటకూడదు. ఇలాంటి వీధిలో అది కష్టమే.

సందులో దూరమే మనకు రక్ష. ఆరుబయట ఒకచోటి నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపైన ప్రతిసారీ దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మధ్యలో భవనాలు అడ్డుంటే ఇంకా తగ్గుతుంది. దారిలో లైట్లు ఉన్నాయో లేదో మాత్రం చూసుకోవాలి. పార్కింగ్ రెండుచోట్లా తలనొప్పే.

నేనైతే సందే అంటాను. నడిచే ఆ ఐదు నిమిషాల్లోనే చుట్టుపక్కలంతా పరిచయమవుతుంది. పని ముగించుకున్న వంటవాళ్లు ఎక్కడ కూర్చుని తింటున్నారో కనిపిస్తుంది. మీరూ అక్కడే తినండి. ఏ ఇల్లయినా సరే, అడ్వాన్స్ ఇచ్చేముందు శనివారం అర్ధరాత్రి వెళ్లి పడకగదిలో పావుగంట నిలబడి వినండి.