ఐదు నెలలు ప్రిజం స్టిక్కర్‌తో

మెహదీపట్నం బస్సు ఒక్కటే వస్తున్నా నాకు రెండు పక్కపక్కనే కనబడేవి. లక్డీకాపూల్ స్టాపులో ఏది అసలుదో తేల్చుకునేలోపు బస్సు వెళ్లిపోయేది.

షుగర్ వల్ల కుడి కంటిని చెవివైపు తిప్పే ఆరో నరం దెబ్బతిని, కన్ను ముక్కువైపు తిరిగిపోయింది. ఇలాంటిది చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుందని, ఆపరేషన్ మాట తర్వాత చూద్దామని డాక్టర్ గారు అన్నారు. ఈలోగా కుడి అద్దానికి 15 డయాప్టర్ల (వెలుగును ఎంత వంచుతుందో చెప్పే కొలత) ప్రిజం స్టిక్కర్ వేశారు. సన్నటి గీతలున్న ప్లాస్టిక్ పొర, అంతే. అద్దాలు పెట్టుకోగానే గోడ మీది రెండు గడియారాలూ ఒకటైపోయాయి. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

రెండో నెలలో చొక్కా అంచుతో తుడుస్తుంటే స్టిక్కర్ ఊడి చేతిలోకి వచ్చేసింది. దగ్గర్లో ఉన్న ఆప్టికల్ షాపుకి తీసుకెళ్తే రెండు నిమిషాల్లో అతికించి ఇచ్చారు. బయటికొచ్చి చూస్తే రెండు బొమ్మలూ మునుపటికంటే దూరంగా ఉన్నాయి! జబ్బు ముదిరిందనే అనుకున్నా. రెండు రోజులు కళ్లు తిరగడం, రాత్రి నిద్ర లేదు. ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టు అమ్మాయి ఒక్క చూపులో పట్టేసింది. గీతల మందం వైపు చెవివైపు ఉండాలి, అది ముక్కువైపు ఉందట. అంటే తగ్గించాల్సిన 15 పైకి ఇంకో 15 కలిసింది. ఆమె అద్దాన్ని గిన్నెడు నీళ్లలో ముంచి, లోపలే పొరను సర్ది, బొటనవేలితో బుడగలు నెట్టేసింది. చెవివైపు అంచున మార్కర్‌తో చుక్క కూడా పెట్టించుకున్నాను. మీరూ మొదటి రోజే పెట్టించుకోండి.

మొదటి వారం కనబడినవాళ్లందరికీ పాత చూపు వచ్చేసిందని చెప్పాను. అంత కాదు. స్టిక్కర్ ఉన్న కంటికి మసకగానే ఉండేది, రాత్రి వీధిదీపాల చుట్టూ రంగుల చారలు. అందుకే చీకటిపడ్డాక బండి తీయలేదు.

మూడో నెలకి 8కి తగ్గించారు, ఐదో నెలలో తీసేశారు. నాది తగ్గే రకం కాబట్టి ఇది సరిపోయింది. చిన్నప్పటి నుంచి మెల్ల ఉన్నవాళ్ల సంగతి వేరు, నా అనుభవం వాళ్లకి పనికిరాకపోవచ్చు. కుడివైపు బాగా చివరికి చూస్తే నాకు ఇప్పటికీ కాస్త రెండుగా ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు తల మొత్తం తిప్పి చూస్తున్నాను.