రిచీ స్ట్రీట్‌లో కొన్న డీవీడీ రైటర్: చాన్నాళ్లు వాడాక

ఈ ఎక్స్‌టర్నల్ రైటర్ గురించి చెన్నైలో మావాళ్లెవరు అడిగినా మొదట్లో "కళ్లు మూసుకుని కొనెయ్యండి" అనేవాణ్ణి. అదంతా బఫర్ (రాయబోయే డేటాని కాసేపు దాచుకునే చిన్న మెమరీ) ఖాళీ అయినా డిస్క్ పాడవకుండా చూసే బఫర్ అండర్‌రన్ ప్రొటెక్షన్ చలవే. 2000లో సాన్యో కంపెనీ దీన్ని బర్న్‌ప్రూఫ్ పేరుతో తెచ్చేదాకా, రాసేటప్పుడు డేటా ఒక్క క్షణం అందకపోతే డిస్క్ చెత్తబుట్టకే. ఇప్పుడు లేజర్ ఆగి, డేటా రాగానే వదిలినచోటే అందుకుంటుంది. డిస్కులు పాడవడమన్నదే మర్చిపోయాను.

మా బాబాయి షష్టిపూర్తి వీడియో దగ్గర ఆ ధీమా సడలింది. నా ల్యాప్‌టాప్‌కి పాతరకం యూఎస్‌బీ పోర్టు ఒక్కటే. వీడియో ఉన్న పోర్టబుల్ హార్డ్‌డిస్కూ, రైటరూ ఒకే హబ్‌కి వేలాడుతున్నాయి, హబ్‌కి అడాప్టర్ కూడా లేదు. సగం దాటాక రైటర్ గుయ్‌మనే మోత తగ్గడం, కాసేపాగి మళ్లీ పుంజుకోవడం మొదలైంది. దాంతో వచ్చిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఏమీ ఎరగనట్టు చివర్లో "పూర్తయింది" అంది. తీరా పెరంబూరులో పిన్ని వాళ్ల పాత ప్లేయర్‌లో, సరిగ్గా దండలు మార్చుకునే చోట బొమ్మ బిగుసుకుపోయింది. ల్యాప్‌టాప్‌లో అదే డిస్క్ హాయిగా ఆడింది. రైటర్ ఆగి మళ్లీ అందుకున్నచోట పడ్డ అతుకుల వల్లేనని ఒట్టేసి చెప్పలేను, అనుమానం మాత్రం వాటి మీదే.

డీవీడీ 8ఎక్స్ వేగంతో రాయడమంటే సెకనుకి దాదాపు 11 మెగాబైట్లు. ఇలాంటి రైటర్లలో బఫర్ ఒకటి రెండు మెగాబైట్లే, అంటే రెప్పపాటులో ఖాళీ. ఇక్కడ హార్డ్‌డిస్క్ నుంచి వచ్చేదీ, రైటర్‌కి పోయేదీ ఒకే యూఎస్‌బీ 2.0 కేబుల్ మీద, అందుకే డేటా సమయానికి అందక రైటర్ ఆగుతూ ఉండుంటుంది.

ఇప్పుడు ముందు ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలోనే ఐఎస్‌ఓ (డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా చేసినది) తయారుచేసుకుని, హబ్ పీకేసి, రైటర్‌ని నేరుగా పోర్టుకి పెట్టి, ఇమేజ్‌బర్న్ అనే సాఫ్ట్‌వేర్‌తో 4ఎక్స్‌లో రాస్తున్నా. అందులో బఫర్ ఎంత నిండుగా ఉందో చూపే పట్టీలు కళ్లముందే ఉంటాయి, బఫర్ మళ్లీ నిండడానికి రైటర్ ఆగితే లాగ్‌లో పడుతుంది. ఆ పట్టీలు కిందికి జారడం మళ్లీ చూళ్లేదు. ఆలస్యమవుతుంది, కానీ ఆ లోపు కాఫీ తాగొచ్చు.

నా కోపమల్లా కంపెనీ మీదే. పెట్టె మీద ప్రొటెక్షన్ అని అంత లావు అక్షరాలు వేశారే, ఎన్నిసార్లు ఆగి అతికిందో ఒక్క అంకె చూపిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

ఎప్పుడో ఒకసారి ఇంట్లో పెద్దవాళ్ల కోసం డిస్కులు రాసే నాబోటివాళ్లకి ఇది చాలు. పెళ్లి వీడియోలు గుట్టలుగా కాపీ తీసేవాళ్లయితే డెస్క్‌టాప్ లోపల, యూఎస్‌బీ కాకుండా సాటా కేబుల్‌తో బిగించే రైటర్ చూసుకోండి. అది నేను వాడలేదు, కాబట్టి ఏ మోడల్ అని నన్నడక్కండి.