చంచల్‌గూడ జైలు పెట్రోల్ బంకు: నా అనుభవం

మలక్‌పేట, సైదాబాద్ వైపు తిరిగేవాళ్లకి చంచల్‌గూడ జైలు దగ్గరున్న ఇండియన్ ఆయిల్ బంకు తెలిసే ఉంటుంది. నడిపేది తెలంగాణ జైళ్ల శాఖ. పెట్రోలు పోసేవాళ్లలో కొందరు ఇంకా శిక్షలో ఉన్న ఖైదీలు, కొందరు విడుదలై బయటికొచ్చినవాళ్లు. నేను నాలుగేళ్లుగా బండికి అక్కడే పోయిస్తున్నాను. మొన్న మా పిన్ని "వాళ్ల చేతికి డబ్బులెలా ఇస్తావే, భయం వెయ్యదా" అని అడిగింది, అందుకే ఇది రాస్తున్నా.

భయమెందుకు? బండి ఆపగానే "జీరో చూసుకోండి మేడమ్" అంటారు, చూశానని తలూపేదాకా నాజిల్ నొక్కరు. చిల్లర రూపాయితో సహా చేతిలో పెడతారు. ఏ బంకులోనైనా 5 లీటర్ల కొలత పాత్రలో పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది కదా, ఒకరోజు నా ముందున్న ఆటో అన్న అడిగితే విసుక్కోకుండా కొలిచి చూపించారు.

ఈ బంకు మీద నాకింత అభిమానం ఎందుకంటే, మా బస్తీలో తమ్ముడిలాంటి ఒకబ్బాయి కేసు తేలకుండానే పదకొండు నెలలు లోపలున్నాడు. చివరికి నిర్దోషి అని కోర్టు వదిలేసింది. అయినా ఒక గోడౌన్‌లో పనికెళ్తే జైలు సంగతి తెలిసి రావద్దన్నారు, ఇంకోచోట ఆధార్ జిరాక్స్ తీసుకుని మళ్లీ ఫోనే చెయ్యలేదు. వాళ్లమ్మ నా దగ్గర కూర్చుని ఏడ్చింది. 2022 చివరి లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే, అంటే తమ మీదున్న కేసులో నేరం ఇంకా రుజువు కానివాళ్లు. బయటికొచ్చాక మాత్రం అందరికీ ఒకటే పేరు, "జైలుకెళ్లొచ్చాడు".

ఇక్కడ ఆ సంగతి దాచాల్సిన పని లేదు, అందరికీ తెలిసే పని ఇచ్చారు. రోజంతా జనం మధ్య నిలబడి, నోట్లు లెక్కపెట్టి, సాయంత్రానికి లెక్క అప్పజెప్పడం చిన్న విషయం కాదు. రేపు ఇంకెక్కడైనా పని అడిగితే, ఇదివరకు ఏం చేశావంటే చెప్పుకోవడానికి ఒకటుంటుంది. జైళ్లలో తయారయ్యే ఫినాయిల్, సబ్బులు 'మై నేషన్' పేరుతో అమ్ముతారు, ఫినాయిల్ నేను వాడుతున్నా, బాగుంది.

ఎప్పుడూ నా బండికి పోసే ఒకాయన మధ్యలో కొన్నాళ్లు కనిపించలేదు. పోయిన వారం మళ్లీ కనిపించి, నేను అడగకముందే "విడుదలయ్యాను మేడమ్, ఇప్పుడు ఇంటి నుంచి వస్తున్నా" అన్నాడు, పక్కన స్టూల్ మీదున్న టిఫిన్ బాక్సు చూపిస్తూ.