కత్తుల టెంపరింగ్‌కి ఓటీజీ: ఆ నాబ్ మీద 200 అంటే 200 కాదు

ఈ ఓటీజీలో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన కరెంటు పెట్టె) కేకు ఎట్లొస్తాది, చికెన్ ఎట్లొస్తాది అనేదానికి వేరే రివ్యూలు శానా ఉన్నాయి, అవి చూస్కోండి. నేను కొన్నది కత్తుల కోసం. లారీ కమాన్ పట్టీ ముక్కలతో వంటింటి కత్తులు చేసేది నేర్చుకుంటాండా, నూనెలో ముంచి గట్టిపరిచిన బ్లేడుని పెళుసు తగ్గేదానికి (దీన్నే టెంపరింగ్ అంటారు) 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లారినాక ఇంకోసారి రెండు గంటలు ఉంచాలంటే అద్దె ఇంట్లో ఇంతకంటే సులువైన పెట్టె దొరకదు. ఆ పనికి దీన్లో చూసుకోవాల్సింది టెంపరేచర్ నాబ్ ఒక్కటే. నా మంటంతా దాని మీదే.

కొత్తలో ఫ్రెండ్స్ గ్రూపులో దీన్ని దండిగా పొగిడినాను. అద్దం తలుపు, లోపల బల్బు, బ్లేడు రంగు మారేది నిలబడి చూడొచ్చు, అదంతా ఇప్పటికీ నిజమే. కాకపోతే అప్పట్లో చేసినవన్నీ పొట్టి, మందం కత్తులు, అవి ఈ పెట్టె ఎట్లా కాల్చినా ఓర్చుకున్నాయి.

అసలు సంగతి మా అమ్మకని ఒక పొడుగాటి పల్చటి కత్తి చేసినప్పుడు బయటపడింది. ఊర్లో ఆచారి కొలిమి దగ్గర, తుమ్మ బొగ్గుల్లో కాల్చి, అయస్కాంతం పట్టడం మానేసినాక (770 డిగ్రీల దగ్గర ఇనుము దాన్ని వదిలేస్తాది) ఇంకొంచెం ఎర్రబడనిచ్చి శెనక్కాయ నూనెలో ముంచినాము. అనంతపురం జిల్లాలో ఉండి ఆ నూనెకు వెతుక్కోవాల్సిన పని లేదు, ఎండాకాలమైతే దాన్ని వేడి చేసే పని కూడా సగం తప్పుతాది. వంకర లేదు, పగులు లేదు, ఆకురాయి పెడితే జర్రున జారిపోతాంది, ఒక్క గీత కూడా పడలేదు. ఆ స్థితిలో బ్లేడు గాజు మాదిరి ఉంటాది, కింద పడితే రెండు ముక్కలు, ఊరికే పెట్టినా లోపలి బిగువుకు దానంతటదే చిట్లే రకాలు కూడా ఉన్నాయి, అందుకే ఆలస్యం చేయకుండా ఇంటికొచ్చి, నూనె జిడ్డు సబ్బుతో కడిగి (కడగకపోతే వంటిల్లంతా పొగ), ఎంత వేడి తగిలిందో చెప్పే రంగు కనపడాలని ఎమెరీ పేపరు కొట్టి, ముందే వేడెక్కించిన ఓటీజీలో నడిమి జాలీ మీద పెట్టినాను. నాబ్ 200 మీద ఉంది.

కాసేపటికి ఎండు వరిగడ్డి రంగొచ్చింది, 200 దగ్గర రావాల్సింది అదే. బాగుందనుకుని ఇవతలికొచ్చినాను. టైమరు గంటకు మించి తిరగదు, గంట మోగినప్పుడు పోయి చూస్తే అదే బ్లేడు మీద పిడి వైపు వరిగడ్డి రంగు, నడుమ గోధుమ, మొన దగ్గర, అంచు వెంబడి నేరేడు పండు రంగు! ఎక్కువసేపు ఉంటే అదే వేడికి కూడా రంగు కొంత ముదురుతాది, ఒప్పుకుంటా, కానీ ఒకే కత్తి మీద ఇన్ని రంగులంటే దానికి ఆ లెక్క చాలదు. ఆకురాయి పెట్టి చూస్తే పిడి వైపు జారతాంది, మొన దగ్గర కరకరా కోస్తాంది. ఏ అంచుతో కూరగాయలు కోయాల్నో ఆ అంచే మెత్తబడిపోయింది.

ఆచారికి చూపిస్తే తిప్పి తిప్పి చూసి, "ఏమబ్బీ, నేరేడు రంగుకొచ్చినాక ఇంక యాడుంటాది పదును? ఎవురు కాల్చినారు దీన్ని?" అన్నాడు. మిషను అని చెప్పినా. నవ్వినాడు. ఆయన ఏ మీటరూ లేకుండా, సాన మీద మెరుగు పెట్టి, వెన్ను వైపు నుంచి రంగు అంచుకు పాకేది చూసి టక్కున నీళ్లలో ముంచుతాడు, అంతే.

ఒకసారి ఎక్కువ వేడి తిన్న బ్లేడుని తక్కువ వేడిలో పెడితే తిరిగి గట్టిపడదు, మొదట్నుంచీ రావాల్సిందే. మళ్లీ కొలిమి, మళ్లీ నూనె. ఈసారి వంకర తిరిగింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ పిల్లోడు పాపం "సార్ వంటకి కదా, ఇరవై ముప్పై డిగ్రీలు అటూ ఇటూ మామూలే" అన్నాడు. కత్తికి ఆ ముప్పై డిగ్రీలే కదప్పా అంతా.

తర్వాత ఓవెన్ థర్మామీటర్ తెప్పించి లోపల పెట్టి చూస్తే తెలిసింది, నాబ్ 200 మీద ఉంటే ముల్లు 180 నుంచి 240 దాకా ఉయ్యాలూగుతాంది. ఆ పైన రాడ్లు ఎర్రబడినప్పుడల్లా వాటి సెగ నేరుగా తగిలేది పల్చగా ఉండే అంచుకీ మొనకే, గాలి వేడి ఎంతనేది తర్వాతి మాట. మందు ఇసుక. ట్రేలో రెండు వేళ్ల మందం ఇసుక పోసి, బ్లేడుని పూర్తిగా పూడ్చి, గంట ముందే వేడెక్కించి పెడితే ఆ ఊపు బ్లేడు దాకా రాదు. పెన్నలో నీళ్లకు కరువు గానీ ఇసుకకేం కరువు, కడిగి ఎండబెట్టి వాడుకోండి. నా పెట్టెలో నాబ్ 175 మీద పెడితే ఇసుకలో 200 వస్తాంది, మీ పెట్టెలో ఎంతొస్తాదో మీరే కొలుచుకోవాల. ఇసుకలో పూడిస్తే రంగు కనపడదు కాబట్టి, నేను అంత మురిసిపోయిన అద్దం తలుపుకి ఇప్పుడు పని లేదు.

అనుకోని మేలు ఒకటి జరిగింది. వంకర పోయిన ఆ బ్లేడుని మందపాటి ఇనుప పట్టీకి సీ క్లాంపుతో బిగించి, వంపు దగ్గర కింద పాత రూపాయి బిళ్ల పెట్టి రెండో విడత టెంపరింగ్ చేస్తే దాదాపు నేరుగా వచ్చేసింది. అమ్మ ఇప్పటికీ దాంతోనే కోస్తాంది, ఈళపీట మూలన పడింది. ఇంకోటి, మధ్యలో కరెంటు పోయినా భయం లేదు, వచ్చినాక మిగతా టైమ్ పెట్టుకుంటే సరిపోతాది. ఇన్వర్టర్ మీద మాత్రం నడవదు.

ఇంట్లో ఆమెకు మాత్రం ఇది నచ్చలేదు. పిల్లోడి పుట్టినరోజు కేకులో కొలిమి వాసన వచ్చిందని ఇప్పటికీ అంటాది, నాకైతే రాలేదు.

కొనమని చెప్పను, వద్దని కూడా చెప్పను. నాకు సొంత కొలిమి లేదు, ఆచారి దగ్గరికి వారానికొకసారి పోయేదే కష్టం, కాబట్టి ఇసుక ట్రేతో ఇది నడిచిపోతాంది. ఒకటీ రెండు కత్తులతో ఆపేసేవాళ్లు మీ ఊరి కమ్మరి దగ్గరే టెంపరు పెట్టించుకోండి, డబ్బు మిగులుతాది. అమ్మకానికి చేసేవాళ్లు డిజిటల్ కంట్రోలర్ ఉన్న ఫర్నేస్ చూసుకోండి. ఇదే తీసుకుంటామంటే అంగట్లోనే లోపలి వెడల్పు టేపు పెట్టి కొలవండి, డబ్బా మీద లీటర్లు రాస్తారు, దాన్నిబట్టి కత్తి పట్టేదీ లేనిదీ తెలీదు. మచ్చుకత్తి అయితే ఎట్లా పెట్టినా పట్టదు, కూరగాయల కత్తి కొంచెం పొడుగైతే ట్రేలో మూల నుంచి మూలకు ఏటవాలుగా పూడ్చండి, ఒకట్రెండు అంగుళాలు కలిసొస్తాది.