చిల్డ్ బీమ్‌ల కింద ఆరేళ్లు: చప్పుడు లేదు, చుక్కలు మాత్రం పడ్డాయి

గ్రీన్ బిల్డింగ్ అనగానే సోలార్ పలకలు, డబుల్ గ్లేజింగ్ గుర్తొస్తాయి. అవి అందరికీ తెలిసినవే. ఇక్కడ చెప్పేదంతా ఆరేళ్లుగా మా ఆఫీసు భవనాన్ని చల్లబరుస్తున్న, సీలింగులోని యాక్టివ్ చిల్డ్ బీమ్‌ల గురించే: అంటే లోపల చల్లటి నీళ్ల కాయిల్ ఉన్న పొడవాటి పెట్టెలు.

బీమ్‌లో ఫ్యాన్ లేదు, మోటారు లేదు, ఫిల్టరూ లేదు. ఏహెచ్‌యూ (గాలిని పొడి చేసి భవనంలోకి పంపే యంత్రం) పంపే పొడి గాలి సన్నటి నాజిల్స్‌లోంచి దూసుకొచ్చి, గది గాలిని కాయిల్ మీదుగా లాగుతుంది. వేడిని ఎక్కువగా మోసేది నీళ్లే కాబట్టి డక్టులు (గాలి గొట్టాలు) చిన్నవైపోతాయి. ఏడాదికో రెండేళ్లకో కాయిల్ మీద దుమ్ము వాక్యూమ్ చేస్తే చాలు. నిశ్శబ్దం ఎంతంటే, పక్క వరుసలో ఫోన్ మాట్లాడితే ప్రతి మాటా వినిపిస్తుంది. అది కూడా ఒక బాధే.

చికాకంతా సోమవారం ఉదయాలది. రెండు రోజులు ఏహెచ్‌యూ ఆగి ఉంటే తేమ సందుసందుల్లోంచి లోపలికి చేరుతుంది. ఎనిమిదింటికి గాలి, నీళ్లు ఒకేసారి ఆన్ చేశారో, చల్లటి నీళ్ల చెంబుకు చెమట పట్టినట్టు పైపులకు పడుతుంది. ఈ బీమ్‌లకు డ్రిప్ ట్రే లేదు, కాబట్టి నీళ్లు నేరుగా కీబోర్డు మీదే. కారేది కాయిల్ నుంచి అనుకుంటారు గానీ, మొదట కారింది నీళ్లు బీమ్‌లోకి వచ్చే సప్లై వైపు వాల్వ్ దగ్గర, ఇన్సులేషన్ చుట్టకుండా వదిలేసిన బెత్తెడు చోట. అక్కడే నీళ్లు అన్నిటికంటే చల్లగా ఉంటాయి.

రెండో దొంగ హ్యూమిడిటీ సెన్సార్. డ్యూ పాయింట్ అంటే గాలిలోని తేమ చుక్కలుగా మారే ఉష్ణోగ్రత. 24 డిగ్రీల గదిలో తేమ 55 శాతమైతే డ్యూ పాయింట్ 14.4, 60 శాతమైతే దాదాపు 15.8. అంటే సెన్సార్ 5 శాతం తక్కువ చూపిస్తే, నీళ్లకూ డ్యూ పాయింట్‌కూ మధ్య ఉంచిన ఒక డిగ్రీ జాగ్రత్త ఎగిరిపోయినట్టే. స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంటుంది, కింద నేల తడుస్తుంది.

కుదిరిన వైద్యం ఇది. ఉదయం నీళ్లు వదిలే 60–90 నిమిషాల ముందు నుంచి పొడి గాలి ఒక్కటే నడపాలి. గది డ్యూ పాయింట్ 13కి దిగాకే నీళ్ల వాల్వ్ తెరవాలి. వాల్వ్‌లకు, ఫ్లెక్సిబుల్ గొట్టాల జాయింట్లకు నైట్రైల్ రబ్బరు చుట్టి అంచులు టేపుతో మూయాలి. సెన్సార్లను ఏడాదికోసారి సరిచూడాలి. ప్రతి జోన్ మొదటి బీమ్ సప్లై పైపు మీద తడి తగలగానే వాల్వ్ మూసే కండెన్సేషన్ స్విచ్ ఉండాలి. మీటింగ్ రూముకు సెన్సార్ విడిగా పెట్టాలి: కూర్చున్న మనిషి గంటకు 50–80 గ్రాముల తేమ వదులుతాడు, పన్నెండు మంది చేరితే లెక్క మారిపోతుంది.

కారుతోందని నీళ్లను 15 నుంచి 17కి పెంచడం తేలిక. కానీ 24 డిగ్రీల గదికీ, కాయిల్‌లో తిరుగుతూ కాస్త వేడెక్కే నీళ్లకూ సగటు తేడా 7.5 నుంచి 5.5కి పడిపోయి, చల్లదనం పావు వంతుకు పైగా తగ్గుతుంది. అప్పుడు కిటికీ పక్క వాళ్ల ఫిర్యాదులు మొదలు.

బీమ్‌కు 14–16 డిగ్రీల నీళ్లు చాలు, నీళ్లను చల్లబరిచే చిల్లర్ కరెంటు ఆదా అంటారు. నిజమే, కానీ గాలిని పొడి చేసే కాయిల్‌కు 6–7 డిగ్రీల నీళ్లే కావాలి. రెండింటికీ ఒకే చిల్లర్ పెడితే ఆ ఆదా కాగితం మీదే ఉంటుంది. ఫ్యాన్ల దగ్గర మిగిలేది మాత్రం నిజంగానే మిగులుతుంది.

మూసిన కిటికీలు, బీఎంఎస్ (భవనంలోని యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) చూసుకునే మనిషి ఉన్న ఈ భవనానికైతే మళ్లీ ఇదే కావాలంటాను. కిటికీలు తెరుచుకునే చోట మాత్రం, తెరవగానే ఆ జోన్ నీళ్లు ఆపేసే కాంటాక్ట్ స్విచ్ లేకుండా దీని జోలికి పోనివ్వను.