పర్లాకిమిడి లాడ్జిలో పోయిన ఇరవై కళ్ళజోళ్ళు

ముందు లాడ్జి సంగతి చెప్పాలి, ఆ మంట ఇంకా తగ్గలేదు. ఆగస్టు 28 రాత్రి మా సంఘం నుంచి ఎనిమిది మందిమి పర్లాకిమిడిలో దిగాం. ఒడిశా గజపతి జిల్లా గుమ్మ బ్లాక్‌లో, కొండ మీది సవర గిరిజనుల ఊళ్ళో ఐదు రోజుల సేవ: కంటి పరీక్షలు, దగ్గర చూపు కళ్ళజోళ్ళు పంచడం, పిల్లలకు ఆరోగ్య పాఠాలు. రైలు ప్రయాణం హాయిగా జరిగింది. ఒక లాడ్జిలో మూడు గదులు, ఒక్కోటి 900 చొప్పున ఫోన్లో మాట్లాడుకుని, 600 అడ్వాన్స్ కూడా పంపాం.

కౌంటర్‌లో మేనేజరు "ఇవాళ రష్ అండీ, గది 1,200" అన్నాడు. అడ్వాన్స్ కట్టిన స్క్రీన్‌షాట్ చూపిస్తే, "ఆ నంబరు పాత కుర్రాడిది, వాడు మానేశాడు" అన్నాడు. రాత్రి తొమ్మిదిన్నర, బయట వాన, చేతిలో కళ్ళజోళ్ళ అట్టపెట్టెలు. పాస్టర్ గారు గొడవ వద్దన్నారు, 3,600 కట్టేశాం. దుప్పటి మీద ఎవరిదో గోరింటాకు మరక. మార్చమంటే, తిరగేసి పరిచి వెళ్ళిపోయాడు కుర్రాడు. పదకొండుకి నీళ్ళు ఆగిపోయాయి. మా వదిన తెల్లారేదాకా కుర్చీలోనే కూర్చుంది, నాతో కూడా మాట్లాడలేదు. పొద్దున బిల్లు అడిగితే పేరు లేని తెల్లకాగితం మీద అంకె వేసి ఇచ్చారు. ఆ ఊళ్ళో ఎటు తిరిగినా తెలుగే వినిపిస్తుంది. మనవాళ్ళ మధ్యే ఉన్నాం కదా అని నమ్మాం. అదే ఎక్కువ బాధ.

ఆ రోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు. ఆయన ఈ ఊళ్ళోనే పంతులుగా ఉండి సవర భాష నేర్చుకుని నిఘంటువు తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. బొలెరోలో వెళుతూ పాస్టర్ గారు ఈ సంగతులు చెబుతుంటే వదిన మొహం కాస్త తేలికపడింది. బొలెరోకి 2,600, ముందు అనుకున్నదే. డ్రైవర్ మలుపుల్లో ఒక్కసారి కూడా ఫోన్ ముట్టుకోలేదు.

ఊళ్ళో బస చర్చి పక్కనున్న రెండు గదుల్లో. అద్దె తీసుకోలేదు. వంట చేసిన పొదుపు సంఘం ఆడవాళ్ళకు మనిషికి రోజుకు 150 ఇచ్చాం. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం అన్నం, కందిపప్పు, వెదురు కొమ్ముల కూర. ఎండు చేప వేసి వండిన ఆ కూర కోసం వదిన రెండోసారి అన్నం పెట్టించుకుంది. మరుగుదొడ్డి ఒక్కటే, నీళ్ళు బోరింగు నుంచి మోసుకోవాలి, అయినా ఆవిడ ఒక్క మాట అనలేదు. సిగ్నల్ లేక కుర్రాళ్ళు మొదటి రోజు దిగాలుగా తిరిగారు, రెండో రోజుకి పిల్లలతో ఆటల్లో పడ్డారు. వాళ్ళలో ఒకడికి జ్వరం వస్తే మలేరియా అని టెన్షన్ పడ్డాం. ఊరి ఆశా కార్యకర్త వేలి నుంచి ఒక చుక్క రక్తం తీసి కిట్‌తో చూసింది. ఇరవై నిమిషాల్లో లేదని చెప్పింది, పైసా తీసుకోలేదు.

ఇక కళ్ళజోళ్ళు. నలభై దాటితే దగ్గర చూపు ఎవరికైనా తగ్గుతుంది. చదువు రానివాళ్ళకు కళ్ళజోడెందుకు అని మా ఊళ్ళో కొందరు అడిగారు. బియ్యంలో రాళ్ళేరాలి, పిల్లాడి కాల్లో ముల్లు తీయాలి, అడ్డాకుల విస్తళ్ళు కుట్టాలి. అక్షరాల అట్ట పక్కన పెట్టి, సూదీ దారం ఇచ్చాం. ఒక అవ్వ దారం కొసను నోట తడిపి, సూదిని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని గుచ్చబోతే దారం పక్కకు పోయింది. నాలుగుసార్లు అంతే. ప్లస్ రెండు పవర్ కళ్ళజోడు పెట్టి "బాగుందా?" అని అడిగాం. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. ఒక్క సూది రెండుగా కనిపిస్తోందేమో అని కంటి టెక్నీషియన్ కంగారుపడ్డాడు. పక్కనున్న పిల్ల నవ్వుతూ సవరలో లెక్కపెట్టి చూపింది: అబొయ్, బాగు, యాగి. వాళ్ళ లెక్కలో బాగు అంటే రెండు! ఆవిడ మా ప్రశ్నకు జవాబిచ్చిందంతే. తర్వాత దారం మొదటిసారికే దూరింది. అవ్వ ఇంటికెళ్ళి అడ్డాకులు, వెదురు పుల్లలు తెచ్చుకుని మా ముందే కూర్చుంది. పుల్లను సన్నగా చీల్చి, ఆకు మీద ఆకు వేసి, కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం సమానంగా ఉందో లేదో వంగి చూసుకుంటూ కుట్టింది. పూర్తయ్యాక విస్తరిని వెలుగుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

మేం తీసుకెళ్ళినవి 120, ఒక్కోటి 75 రూపాయలు. మూడో రోజు మధ్యాహ్నానికి ప్లస్ రెండున్నర అయిపోయాయి, నాలుగో రోజు మిగతావీ అయిపోయాయి. చివరికి పదిహేడు మందిని ఉత్త చేతులతో పంపించాం. ఆ రాత్రి పడుకునే ముందు లెక్క వేశాను. గదుల మీద అదనంగా పోయింది 900, అడ్వాన్స్ 600, మొత్తం 1,500. ఇరవై కళ్ళజోళ్ళు.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే నా మాట వినండి. పాత బట్టల మూటలు మోయకండి, మేం తెచ్చిన రెండు మూటలు విప్పకుండానే ఉండిపోయాయి. కళ్ళజోళ్ళు తీసుకెళ్ళండి, అందులో సగం రెండు, రెండున్నర పవర్ ఉండాలి. పది, ఇరవై నోట్లు ఉంచుకోండి. పర్లాకిమిడిలో రాత్రి ఉండే పని పెట్టుకోకుండా పగటి బండికి దిగి నేరుగా కొండెక్కండి. తప్పనిసరై గది తీసుకుంటే చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

ఆ పదిహేడు పేర్ల చీటీ నా దగ్గరే ఉంది. పక్కన పవర్ కూడా రాసుకున్నాను. పదకొండు మందికి రెండున్నర కావాలి. నిన్న వదిన ఆ చీటీ చూసి, తన చీటీల డబ్బులోంచి 1,500 నా చేతిలో పెట్టింది.