మూతి నుంచి కూరే రైఫిల్: వేడినీళ్లా, కిరోసినా, కొబ్బరినూనా? ఏది మేలు?

గోదావరి జిల్లాల పాత లోగిళ్లలో తాత లైసెన్సు తండ్రికి, తండ్రిది కొడుక్కి మారుతూ వచ్చిన, మూతి నుంచి మందూ గుండూ కూరే ఎంఎల్ (మజిల్ లోడింగ్) గన్‌లు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. వాటిలో ఎక్కువ నున్నటి గొట్టంవి. లోపల మెలిక తిరిగిన గాళ్లున్న రైఫిళ్లు తక్కువే గానీ, కూరేటప్పుడు ఏడిపించేవి అవే. మొదటి గుండు సాఫీగా దిగుతుంది. రెండోది కాస్త బిగుస్తుంది. మూడోదానికి గుండుని లోపలికి తోసే కడ్డీ మీద ఒళ్లంతా మోపాలి. వెంటనే "గొట్టం అరిగిపోయిందండీ" అనేస్తారు. అరిగిన గొట్టంలో గుండు వదులవుతుంది గానీ బిగుస్తుందా? లోపల గార కట్టింది, అంతే.

ఈ తుపాకీల్లో పోసే నల్లమందు (బ్లాక్ పౌడర్) కాలితే అంతా పొగై పోదు. బరువులో సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగలో కలిసి బయటికి పోతుంది, మిగతాది గొట్టం గోడల్నీ గాళ్లనీ పట్టుకుంటుంది. అందులో ముఖ్యమైనవి పొటాషియం కార్బొనేటు, పొటాషియం సల్ఫేటు, కొంత సల్ఫైడు. అన్నీ లవణాలే. లవణం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఇది గుర్తుంటే సగం తగువు ఇక్కడే తీరిపోతుంది.

మిగతా సగం మన గాలిది. గాలిలో తేమ 43 శాతం దాటితే చాలు, పొటాషియం కార్బొనేటు దాన్ని పీల్చుకుని చెమరుస్తుంది. డెల్టాలో గాలి అంతకంటే పొడిగా ఉండేది ఎండాకాలం వడగాలి కొట్టే మధ్యాహ్నాల్లో. మిగతా ఏడాదంతా తేమే. ఆ తేమ తగిలి మెత్తబడిన మసి మీదుగా గుండు సులువుగా జారుతుంది. అదే తేమ, అదే మసి బీరువాలో నాలుగు రోజులు కలిసి ఉంటే ఉక్కుని తినేస్తాయి. కాబట్టి నీళ్లు మంచివా, నూనె మంచిదా అని వాదించుకునే ముందు ఏ పూటకి అడుగుతున్నామో తేల్చుకోవాలి: కాల్చేటప్పుడా, కాల్చాక కడిగేటప్పుడా, దాచేటప్పుడా?

కడగడం సంగతి ముందు చూద్దాం. దానికీ ముందు ఒక పని ఉంది. కడ్డీని గొట్టంలో అడుగుదాకా దింపి, మూతి దగ్గర బొటనవేలితో గుర్తు పట్టి, బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి చూడాలి. కడ్డీ కొన రంజకపు బొక్క (లోపలి మందుకి నిప్పు అందే చిన్న రంధ్రం) దాకా రాకపోతే లోపల మందూ గుండూ ఉన్నట్టే. ఏళ్లుగా గోడకి వేలాడిన తుపాకీ అయితే ఈ పని మరీ తప్పనిసరి. లోపల ఏదైనా ఉందని తేలితే ఇంట్లో పీకే ప్రయత్నం వద్దు, లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మనవాళ్లలో కిరోసిన్‌కి అభిమానులు ఎక్కువ. సైకిలు చెయిన్లు కడిగిన అలవాటు కాబోలు. కిరోసిన్‌లో ముంచిన పేలిక దింపితే నల్లగా బయటికొస్తుంది, శుభ్రమైపోయిందన్న తృప్తి కలుగుతుంది. వచ్చింది మసిలో నలుపు మాత్రమే. ఉప్పు గాళ్లలో అలాగే కూర్చుంటుంది, రెండు రోజులకి ఎర్రగా పైకొస్తుంది. పాత గ్రీజు జిగురు కట్టిన లాకు (ట్రిగ్గరుతో కదిలే సుత్తి భాగం) విప్పి కడగడానికి కిరోసిన్ బాగుంటుంది, గొట్టానికి కాదు. తోటాల తుపాకీలకి అమ్మే సాల్వెంట్ల మాటా దాదాపు ఇంతే. అవి పొగరాని మందు మిగిల్చే మడ్డికీ, తూటా రాగి పూతకీ చేసినవి.

మరి నీళ్లంటే ఎలాంటి నీళ్లు? సలసల కాగేవి పోస్తే గొట్టం వేడెక్కి తనంతట తనే ఆరిపోతుందనేది పాత పద్ధతి. చలి, పొడి ఉన్న దేశాల్లో చెల్లుతుందేమో గానీ, ఇక్కడ కాగే నీళ్లు పోసిన గొట్టంలో ఆరీ ఆరకముందే నారింజరంగు తుప్పు పొర తేలుతుంది. దాన్ని మళ్లీ తుడవాలి. నా ఓటు గోరువెచ్చని నీళ్లకి. చెయ్యి పెట్టగలిగినంత వేడి, అందులో గిన్నెలు తోమే సబ్బునీళ్లు రెండు చుక్కలు. ఆరబెట్టడానికి పొడి పేలికలు నాలుగు ఎక్కువ పడతాయి, పడనివ్వండి. కుంకుడు రసం వాడేవాళ్లూ ఉన్నారు. తప్పు లేదు గానీ పిప్పి లేకుండా వడకట్టి, తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. చింతపండు మాత్రం వద్దే వద్దు. ఇత్తడి చెంబు తోమినట్టు గొట్టాన్ని తోమితే ఆ పులుపు పైన ఉన్న రంగుని తినేసి తెల్లటి ఉక్కుని తుప్పుకి అప్పగిస్తుంది. గరుకు కాగితం సంగతి చెప్పనే అక్కర్లేదు, గాళ్ల అంచులు పోతే రైఫిల్ అన్న పేరొక్కటే మిగులుతుంది.

అంతర్వేది, సఖినేటిపల్లి, మలికిపురం వైపు ఉండేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. సముద్రం పక్కన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆ నీళ్లతో కడిగితే ఒక ఉప్పు తీసి ఇంకో ఉప్పు పోసినట్టే. మందు మసి కంటే అదే ఎక్కువ చేటు. వరదల్లో వచ్చే ఎర్రనీళ్లలో సన్నటి ఇసుక ఉంటుంది, అదీ పనికిరాదు. వాననీళ్లు పట్టుకున్నవి ఉంటే మేలు, లేదంటే తాగే క్యాను నీళ్లు. ఒక తుపాకీకి బకెట్టు చాలు.

గొట్టం కర్ర పిడి నుంచి విడివడే రకమైతే నిపిల్ (క్యాప్ తొడిగే చిన్న ముక్కు) విప్పేసి, గొట్టం అడుగు బకెట్లో ముంచి, పేలిక చుట్టిన కడ్డీని పైకీ కిందకీ ఆడిస్తే నీళ్లు చేతిపంపులో లాగినట్టు తన్నుకొస్తాయి. విడదీయలేనిదైతే కర్రలోకి నీళ్లు దిగకుండా చూసుకుంటూ తడి పేలికలతోనే ఓపిగ్గా చెయ్యాలి. ఇత్తడి తీగ బ్రష్షు కంటే పేలిక మేలంటాను. బ్రష్షు అడుగుదాకా వెళ్లాక వెంట్రుకలు వెనక్కి తిరగక ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఏడాదికోసారి, గార మరీ మొండికేసినప్పుడు చాలు.

ఇప్పుడు అసలు ఊసు. కూరడం సులువు కావాలంటే ఇంటికొచ్చాక చేసే స్నానం కంటే, దెబ్బకీ దెబ్బకీ మధ్య దింపే పేలికే ఎక్కువ పని చేస్తుంది. మూడు నాలుగు దెబ్బల తర్వాత తుడుద్దాంలే అనుకునేవాళ్లకీ, ప్రతి దెబ్బకీ తుడిచేవాళ్లకీ తేడా కడ్డీ పట్టుకున్న చేతికే తెలుస్తుంది. ప్రతి దెబ్బకీ తుడిస్తే గుండు ప్రతిసారీ ఒకే బిగువులో దిగుతుంది, గురి కూడా నిలకడగా ఉంటుంది. తడి పేలిక ఒకటి, పొడిది ఒకటి. నెమ్మదిగా ఒక్కసారి దింపి, ఒక్కసారి తీయాలి. ముందుకీ వెనక్కీ తోస్తే మసి అంతా అడుక్కి చేరి రంజకపు బొక్కని మూసేస్తుంది.

ఎంత తడి? పిండితే చుక్క రాకూడదు. ఎక్కువైతే నీళ్లు అడుక్కి దిగి తర్వాత పోసే మందు తడుస్తుంది, నిప్పు పుట్టించే క్యాప్ పేలుతుంది గానీ మందు అంటుకోదు. అలా మొరాయించిన తుపాకీని మూతి ఎదురుగా ఎవరూ లేకుండా కనీసం ఒక నిమిషం అలాగే పట్టుకోవాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. మసి మెత్తబడాలని గొట్టంలోకి నోటితో ఊదే పాత అలవాటు కూడా ఇందుకే మానెయ్యాలి. తుపాకీ మూతి దగ్గర మొహం పెట్టే పని ఏదైనా సరే, మానెయ్యాల్సిందే.

పేలిక తడపడానికి ఉమ్ము పాత చిట్కా, ఇప్పటికీ చెడ్డది కాదు. సబ్బునీళ్లు దానికంటే ఒక మెట్టు పైన. మే నెల ఎండలో రెండూ ఇట్టే ఆరిపోతాయి. అప్పుడు లేత్ మెషిన్ల దగ్గర వాడే కటింగ్ ఆయిల్ ముందుంటుంది. నీళ్లలో కలిపితే పాలలా తెల్లబడే ఆ నూనెని ఒక వంతుకి ఏడెనిమిది వంతుల నీళ్లు కలిపి పేలికలు తడిపి డబ్బాలో పెట్టుకోవచ్చు. వర్క్‌షాపు ఉన్న ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

గుండుకి చుట్టే గుడ్డ నూలుదే కావాలి, పాలియెస్టర్ కరిగి గాళ్లకి అంటుకుంటుంది. పల్చటి మల్లుపంచె చిరుగుతుంది, దట్టంగా నేసిన తలగడ గుడ్డ ఆగుతుంది. కొత్తదైతే గంజి పోయేదాకా ఉతకాలి. ఆ గుడ్డకి రాసే నూనె దగ్గర కోనసీమ మనిషి చెయ్యి అంబాజీపేట కొబ్బరినూనె మీదికే పోతుంది, పోవాల్సిందే కూడా. మెషిన్ నూనె, ఇంజనాయిలు లాంటి ఖనిజ నూనెలు నల్లమందు మంటలో కాలి తారులాంటి మడ్డి మిగులుస్తాయి. మొక్కల నూనెలు, కొవ్వులు మసిని మెత్తగా ఉంచుతాయి. కొబ్బరినూనెకి ఒకటే లోపం. 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ధనుర్మాసం పొద్దున గుడ్డ మీద తెల్లగా పేరుకుని ఉంటుంది, ఎండాకాలంలో నీళ్లలా పల్చబడి గుడ్డలోంచి మందులోకి దిగుతుంది. తేనెమైనం కరిగించి కలిపితే ఎండాకాలం ఇబ్బంది తగ్గుతుంది. ఆముదం చిక్కన, ఎండకి అంత తొందరగా జారదు. చలికాలం కొబ్బరినూనె, కొద్దిగా మైనం. ఎండాకాలం ఆముదం, మైనం. ఈ రెండింటితో ఏడాది గడుస్తుంది. నువ్వులనూనె ఆరుతూ బంక కడుతుంది, దాన్ని పక్కన పెట్టాను.

నెయ్యి, తేనెమైనం అన్న జోడీకి మన చరిత్రలోనే చోటుంది. 1857లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తోటాలకి పూసిన కొవ్వు మీద గొడవ రేగినప్పుడు సిపాయిలు సొంతంగా కలుపుకోవచ్చని సర్కారు ఒప్పుకున్నది ఇలాంటి మిశ్రమాలకే. అప్పటికి ఆలస్యమైపోయింది, అది వేరే కథ. ఆ రైఫిలే కూరడం కష్టమన్న సమస్యకి ఇంకో జవాబు కూడా ఇచ్చింది. 1853 నమూనా గొట్టం లోపలి వ్యాసం 0.577 అంగుళాలు. గుండు మొదట 0.568 ఉండేది. మసి పట్టాక దిగడం లేదని దాన్ని 0.550కి తగ్గించారు. పేలినప్పుడు గుండు అడుగు విచ్చుకుని గాళ్లని పట్టుకుంటుంది కాబట్టి అది చెల్లింది. గుడ్డ చుట్టే గుండ్రటి గుండుకి అంత వదులు పనికిరాదు. 0.50 గొట్టానికి 0.495 గుండు బిగుతుగా ఉంటే 0.490కి దిగండి, గుడ్డ మందం 0.015 అంగుళాల దగ్గర ఉంచండి. చాలామందికి అక్కడితో కడ్డీ మీద ఒరగడం తప్పుతుంది.

దాచే దగ్గరికొచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. ఇక్కడ కొబ్బరినూనె ఓడిపోతుంది. నెలల తరబడి ఉంటే కనరెక్కి, అందులో పుట్టే ఆమ్లం ఉక్కుని కొరుకుతుంది. గెలిచేది ఇందాక కాదన్న ఖనిజ నూనె: కుట్టుమిషన్ నూనె, తుపాకీ నూనె, వానాకాలం అయితే ఇంకాస్త చిక్కటి, తుప్పు పట్టనివ్వని నూనె. పలచగా ఒక పేలికతో పూసి, తుపాకీని మూతి కిందకి ఉండేలా నిలబెట్టండి. నూనె అడుక్కి దిగి నిపిల్‌లోనూ కర్రలోనూ చేరకుండా ఉంటుంది. మర్నాడు ఒక తెల్ల పేలిక దింపి చూడండి. ఎరుపు కనబడితే కడగడంలో ఉప్పు మిగిలిందని అర్థం. తోలు సంచీ, కాన్వాసు తొడుగు అందంగా ఉంటాయి గానీ చెమ్మని లోపలే పట్టి ఉంచుతాయి. మళ్లీ కాల్చబోయే ముందు ఆ నూనెనంతా పొడి పేలికలతో తీసేసి, మందూ గుండూ వెయ్యకుండా ఒకటి రెండు క్యాప్‌లు పేల్చి నిపిల్ దారి శుభ్రం చేసుకోవాలి. ఈ పని మానేసేవాళ్లే మొదటి దెబ్బ పేలలేదని మందుని తిడతారు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. పంట కాపాడుకోడానికి ఎంఎల్ గన్ లైసెన్సు 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. అలాగని కోరంగి మడలోనో కొల్లేట్లోనో పిట్టల మీద గురిపెడితే 1972 వన్యప్రాణి చట్టం వేరే ఉంది. లైసెన్సు లేని నాటు తుపాకీకి ఈ వ్యాసంలో చోటు లేదు.

ఎన్నికల కోడ్ వచ్చి తుపాకీ స్టేషన్‌లో అప్పజెప్పాల్సి వస్తే, మామూలు పూత కంటే చిక్కగా పూయండి, నిపిల్ మరలకి గ్రీజు పెట్టండి. అక్కడ ఎన్నాళ్లుంటుందో, ఏ మూల ఉంటుందో మన చేతిలో లేదు. తిరిగి తెచ్చుకున్న రోజే నూనె తుడిచి, గొట్టంలోకి చిన్న లైటు దింపి చూసి, కొత్త పూత వేశాకే బీరువాలో పెట్టండి.